ఖాదర్ గారి పలక మీద నూకలు

ఎదురింటి సుబ్బమ్మ గారు వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతున్నారు. చేట లేచి దిగే చప్పుడు వింటూ నా బల్ల మీద పరిచిన ఐదు కొత్త కామిక్స్ వైపు చూస్తున్నాను. ఐదింటిలోనూ లోకాన్ని కాపాడే వీరులే. సాయంత్రంలోగా ఏది ముందో, ఏది వెనకో తేల్చి పత్రికకు పంపాలి. వారం వారం నా పని ఇదే. నెల్లూరులో కూర్చుని ఇలాంటి పనితో బతుకుతున్నానంటే మా బంధువులు నమ్మరు. "ఇంతకీ నువ్వేం చేస్తుంటావు?" అని ప్రతి పెళ్ళిలోనూ అడుగుతారు. బొమ్మల పుస్తకాలకు మార్కులు వేస్తానంటే నవ్వుతారు. ఆ విద్య నాకు నేర్పింది ఒక బియ్యం వ్యాపారి కొడుకంటే ఇంకా నవ్వుతారని చెప్పను. ఇవాళ మాత్రం ఈ చేట చప్పుడు నన్ను ఊరుకోనివ్వడం లేదు.

సూళ్లూరుపేట స్టేషన్ దగ్గర ఖాదర్ గారికి చిన్న పుస్తకాల కొట్టు ఉండేది. తండ్రి చేసిన బియ్యం వ్యాపారం తమ్ముడికి వదిలేసి ఆయన పుస్తకాల్లో పడ్డారు. శుక్రవారం మద్రాసు రైల్లో కొత్త కామిక్స్ కట్ట వచ్చేది. నమాజు ముగించుకుని వచ్చి, కట్ట విప్పి, ఒక్కొక్కటీ తిరగేసేవారు. ఇంగ్లీషు అంతంత మాత్రం. బొమ్మల్లో మాత్రం ఒక్క గీత కూడా వదిలేవారు కాదు. శనివారం పొద్దుటికి కొట్టు ముందు నల్ల పలక వేలాడేది. ఆ వారం వచ్చిన వాటి వరస దాని మీద ఉండేది. అన్నిటికన్నా మంచిదాని పక్కన 'మొలగొలుకులు' అని రాసేవారు. మా జిల్లా వాళ్ళు మీసం మెలేసి చెప్పుకునే సన్నబియ్యం అది. తర్వాత 'సాదా బియ్యం', ఆ తర్వాత 'నూకలు', అట్టడుగున 'ఊక'. పక్కనున్న దీవి నుంచి రాకెట్లు పంపే ఇంజినీర్లు కూడా ఆగి ఆ పలక చదివి వెళ్ళేవారు.

అప్పుడు నేను ఆ ఊళ్ళోనే డ్రాయింగ్ టీచర్ని. ఒకసారి ధగధగలాడే అట్ట ఉన్న పుస్తకాన్ని ఆయన ఊకలో పడేస్తే ఉండబట్టలేక అడిగాను.

"ఆకాశంలో నుంచి దూకినాడు గదా. మోకాళ్ళు వంగినాయా? వంగలా. కాళ్ళ కింద దుమ్ము లేచినాదా? లేవలా. దిగడం రానోడికి ఎగరడం యాడొస్తాది, టీచరమ్మా?" అన్నారు.

ఆ రోజు నుంచి నేను వీరుల ముఖాలు మానేసి పాదాలు చూడడం మొదలుపెట్టాను.

నిజానికి నా ఆరాటం వేరే. రెండేళ్ళుగా రహస్యంగా ఒక కామిక్ గీస్తున్నాను. మా పక్కనే ఉన్న పులికాట్ సరస్సు రేవులో పుట్టిన అమ్మాయి ఫ్లెమింగోల గుంపుతో కలిసి ఎగురుతుంది. పేరు వేసుకోకుండా కొన్ని ప్రతులు అచ్చు వేయించాను. ఖాదర్ గారి మాటను బట్టి బడి మానేసి బొమ్మలే పట్టుకోవడమో, కుంచె అటక మీద పెట్టేయడమో తేల్చుకుందామనుకున్నాను. ఆ శుక్రవారం, "కొట్టు కాస్త చూస్తా ఉండమ్మా" అని ఆయన నమాజుకు వెళ్ళగానే, విప్పని కట్ట తాడు కిందికి నా పుస్తకాన్ని దూర్చాను.

మర్నాడు పలక మీద నా పుస్తకం పక్కన 'నూకలు' అని ఉంది. పిచ్చి కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి, "అది నేను గీసింది" అన్నాను.

ఆయన తొణకలేదు. పుస్తకం తెరిచి, "ఈ పక్షులేందమ్మా?" అన్నారు.

"ఫ్లెమింగోలు."

"మెడలు మడుచుకోని ఎగరతా ఉండాయే! అట్టా పొయ్యేది కొంగలు. ఫ్లెమింగో మెడ చాపి, కాళ్ళు చాపి దబ్బనం మాదిరి పోతాది. నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టినావు గదా, ఒక్కరోజన్నా తల పైకెత్తి చూడలా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఏటా చలికాలం మా మిద్దె మీదుగా ఎగిరే పక్షులు అవి. నేను ఎక్కడో విదేశీ పుస్తకంలోని కొంగల్ని చూసి గీసి, గులాబీ రంగు పూశాను.

"ఇక గీయను లెండి" అని వెనక్కి తిరిగాను.

"కూర్చో. నేను ఊక అని రాసినానా? ఊకంటే లోపల గింజే లేనిది. నూకంటే బియ్యమే, విరిగినాది, అంతే. మా అమ్మ నూకలతో ఉప్మా చేసిన రోజు మా నాయన పలావు కూడా ముట్టేవాడు కాదు. పో, మళ్ళీ గీసి నాకే తీసుకురా."

వారం రోజులు తెల్లారగానే స్కూటీ మీద సరస్సు గట్టుకు వెళ్ళాను. మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం చూశాను. పదహారు పేజీలూ మళ్ళీ గీశాను. ఈసారి పలక మీద 'సాదా బియ్యం' అని పడింది. అప్పుడే బడి మానేశాను.

"మొలగొలుకులు ఎప్పుడండీ?" అని అడిగాను.

"కొత్త బియ్యం ముద్దవతాయి తల్లీ. పాతబడనీ" అని నవ్వారు.

నా నాలుగో పుస్తకం వచ్చేసరికి ఆయన లేరు. ఆ పలక మీద ఆ ఒక్క మాట చూసుకోవాలని ఎంత ఆశపడ్డానో! ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా దుఃఖం వస్తుంది, ఆయన మాటలు తలుచుకుని వెంటనే నవ్వూ వస్తుంది. నా బొమ్మలు మాత్రం పాతబడుతూనే ఉన్నాయి. గీయడం మానలేదు.

బల్ల మీది ఐదో పుస్తకం కావలి నుంచి ఎవరో కొత్త చిత్రకారుడు సొంతంగా అచ్చు వేసుకుని పంపింది. మా సంపాదకుడికి చివరి స్థానంలో ఉన్న పుస్తకాన్ని చీల్చి చెండాడితే ఇష్టం. ఒకప్పుడు నాకూ సరదాగానే ఉండేది, దాచడం ఎందుకు? ఈ పుస్తకంలో సముద్రపు వీరుడు రాక్షసుడి మీదికి విసురువల వేస్తాడు. వల అద్భుతంగా విచ్చుకుంది. కానీ విసిరిన వలను వెనక్కి లాగే తాడు అతని మణికట్టుకు లేదు. సముద్రం పక్కన కావలి వాడై ఉండి, రేవులో జాలర్లు వల వేయడం ఒక్కసారైనా చూడలేదా అని నవ్వుకున్నాను.

సుబ్బమ్మ గారు చేటలోని నూకల్ని జాగ్రత్తగా వేరే డబ్బాలో పోసుకుంటున్నారు. నేను ఐదో పుస్తకం పేరు పక్కన 'నూకలు' అని రాసి, కింద ఇలా చేర్చాను: "పదమూడో పేజీలో వల తాడు మణికట్టుకు కట్టండి. మళ్ళీ గీసి నాకే పంపండి."