హార్సిలీ కొండ మీద ఖాళీగా ఉన్న గది

ఆ వేసవిలో హార్సిలీ కొండ మీది హోటల్లో గది ఖాళీగా ఉంది. నేను ఫోన్ చేసినప్పుడు అవతలి మనిషి ఆ మాటే చెప్పాడు. లోయ వైపు కిటికీ ఉన్న గదే ఉందనీ, పేరు చెబితే రాసుకుంటాననీ అన్నాడు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మా ఆవిడతో మాత్రం గదులన్నీ అయిపోయాయని చెప్పాను. అక్కడితో ఆగినా కొంత నయంగా ఉండేది. నువ్వు తేదీలు తేల్చడానికి ఆలస్యం చేశావు, అందుకే దొరకలేదు అని కూడా అన్నాను. ఆ ప్రయాణం గురించి మా ఇంట్లోనూ, చిత్తూరులో మా అక్క ఇంట్లోనూ ఏళ్ళ తరబడి ఈ కథే నడిచింది. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మాది తిరుపతి. బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఇల్లు. ఈ ఊళ్ళో కాపురం ఉంటే చుట్టాలకు కొదవ ఉండదు. గూడూరు వాళ్ళు, సూళ్లూరుపేట వాళ్ళు, వాళ్ళ వియ్యంకులు, ఆ వియ్యంకుల పక్కింటివాళ్ళు కూడా తెల్లవారకముందే దిగేవాళ్ళు. స్నానాలు చేసి కొండకు వెళ్ళేవాళ్ళు. గుండ్లు చేయించుకుని, లడ్డూ సంచులతో దిగివచ్చి, భోజనాలు చేసి, బస్సెక్కేవాళ్ళు. ఎవరైనా మొహమాటపడి లాడ్జి మాట ఎత్తితే ఇల్లుండగా రూమెందుకని నేనే ఆపేవాణ్ణి. పైన ఉండాలా కింద ఉండాలా, సత్రం మేలా లాడ్జి మేలా అని ఊరంతా నన్ను అడిగేది. ముసలివాళ్ళుంటే మెట్లు లేని చోటు చూడండి, పసిపిల్లలుంటే వేడినీళ్ళు ఉన్నాయో లేదో కనుక్కోండి అంటూ ఒక్కొక్కరికి ఒక్కో సలహా చెప్పేవాణ్ణి. బసల విషయంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

ఆ గొప్పంతా పొయ్యి దగ్గర నిలబడి మోసింది మా ఆవిడ. క్యూలో తినడానికి చిత్రాన్నం పొట్లాలు ఆమే కట్టేది. దిగివచ్చినవాళ్ళకు వేడివేడిగా చారూ అన్నమూ ఆమే వడ్డించేది. వాళ్ళు వదిలిన తడి తువ్వాళ్ళు ఉతికి ఆరేసేది. ఆమె నాకు మేనమామ కూతురు. ఈ రోజుకీ నన్ను బావా అనే పిలుస్తుంది. వచ్చినవాళ్ళలో సగంమంది ఆమెకూ చుట్టాలే కాబట్టి ఆమెకు ఇష్టమే అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

ఒకసారి పెద్ద గుంపు వచ్చి వెళ్ళాక, గిన్నెలు బోర్లిస్తూ ఆమే అడిగింది.

"బావా, ఒకసారి యాడికన్నా పోదాం. పొయ్యి లేని చోటికి. పొద్దున లేస్తానే ఎవరన్నా కాఫీ తెచ్చి తలుపు కొట్టల్ల. నాకు అంతే చాలు."

ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆమే చెప్పింది. చిన్నప్పుడు మదనపల్లెకు పోతూ బస్సులోంచి హార్సిలీ కొండను చూసేదట. ఎక్కింది మాత్రం లేదు. సరేనన్నాను. తేదీలు చెప్పమన్నాను. అప్పుడు మా పెదనాన్న మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాల్సి ఉంది. వాళ్ళు ఎప్పుడు వస్తారో తేలక, వాళ్ళు వచ్చి వెళ్ళాక పోదామని ఆమె ఆగింది. ఆలస్యమన్నది ఏమైనా ఉంటే అదీ నా వైపువాళ్ళ కోసమే.

ఈలోగా చిత్తూరు నుంచి అక్క ఫోన్ చేసింది. మాటల్లో ప్రయాణం సంగతి చెప్పాను. పిల్లలు ఎక్కడికీ పోక విసుగుపడుతున్నారనీ, తామూ వస్తామనీ అంది. రండి, మీ గది మీరు తీసుకోండి అనాల్సిన మాట నా నోట రాలేదు. చుట్టానికి వేరే గది చూసుకోమని చెప్పే అలవాటు నాకు లేదు. మా ఆఫీసులో ఒకాయన కొండ కింద మామిడి తోటలో ఉన్న ఒక ఇంటి సంగతి చెప్పాడు. కుటుంబాలకు రోజుల లెక్కన ఇస్తారట. మూడు గదులు, పెద్ద వసారా, గ్యాసు, గిన్నెలు అన్నీ ఉన్నాయి. అందరం ఒకే చోట ఉండవచ్చు, మన తిండి మనం తినవచ్చు, అక్క భర్తకు షుగర్ కాబట్టి రాగిసంగటి వేళకు దొరుకుతుంది అనుకున్నాను. ఇన్ని లెక్కలు వేసినవాణ్ణి ఆ సంగటి ఎవరు కెలుకుతారన్నది లెక్కలోకి తీసుకోలేదు. కాదు, అదీ అబద్ధమే. తీసుకున్నాను. తెలిసే చేశాను. అందుకే గదులు లేవని చెప్పాల్సి వచ్చింది.

గదులు లేవనీ, తోటలో ఇల్లు చూశాననీ చెబితే, ఆమె నన్ను ఎందుకని అడగలేదు.

"నా వల్లే గదా. మొన్ననే చెప్పేసుండల్ల నేను," అంది. తర్వాత, "ఆడ వంటిల్లుండాదా?" అంది.

ఉందన్నాను. ఆమె, అయితే పప్పుల పొడీ, ఊరిమిండి పచ్చడీ చేసి ఎత్తుకుపోదామని చెప్పి చెనక్కాయలు వేయించడానికి లేచింది.

చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాటు ఎక్కి, పీలేరు మీదుగా వెళ్ళాం. అక్కవాళ్ళు మదనపల్లెలో కలిశారు. ఇల్లు నిజంగానే బాగుంది. వసారాలో కూర్చుంటే కొండ నిండుగా కనిపించేది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి మా ఆవిడ గేటు దగ్గర నిలబడి, పాల ప్యాకెట్లు ఎక్కడ అమ్ముతారని తోట మనిషిని అడుగుతోంది. అక్క మొదటి పూట కూరగాయలు తరిగి ఇచ్చింది, ఆ తర్వాత పిల్లల వెనక పడింది. అక్కను తప్పుపట్టను. పండక్కి తమ్ముడి ఇంటికి వచ్చినట్టే ఆమెకు అనిపించి ఉంటుంది. అలా అనిపించేలా ఏర్పాటు చేసింది నేనే కదా.

రెండో రోజు మధ్యాహ్నం కొండ మీదికి బయలుదేరాం. రాత్రికి సంగటీ పులుసూ కావాలి కదా, మీరు పోండి, నేను రేపు వస్తానంది మా ఆవిడ. నేను పట్టుపట్టలేదు.

పైన గాలి చల్లగా ఉంది. పిల్లలు యూకలిప్టస్ ఆకులు నలిపి వాసన చూసుకున్నారు. అందరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. నడుస్తూ నడుస్తూ ఆ హోటలు ముందుకు వచ్చాం. వరుసగా గదులు, వాటి ముందు కుర్చీలు. ఒకతను ట్రేలో ఫ్లాస్కూ కప్పులూ పెట్టుకుని వెళ్ళి ఒక తలుపు కొట్టాడు. లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. అప్పుడే నిద్ర లేచినట్టుంది. జుట్టు కూడా ముడి వేసుకోలేదు. నా కాళ్ళు ఆగిపోయాయి. లోపలికి వెళ్ళి ఈ ఒక్క రాత్రికైనా ఒక గది అడగవచ్చు, కిందికి పోయి ఆమెను తీసుకురావచ్చు. కానీ గది ఇప్పుడెలా దొరికిందని ఆమె అడిగితే ఏం చెప్పాలి? అక్క ముందు నుంచి పిలిచింది. వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున టిఫిన్ చేసి, దారికి చిత్రాన్నం కట్టేసరికి బయలుదేరే వేళయింది. ఆమె కొండ ఎక్కనే లేదు. కారు రోడ్డెక్కాక, మలుపు తిరిగేదాకా మెడ తిప్పి దాన్నే చూస్తూ ఉంది. అందరం కలిసి మదనపల్లెలో టీ తాగడానికి ఆగినప్పుడు అక్క అంది:

"మా మరదలు తేదీ చెప్పేలోపల కొండకు కొండే నిండిపోయింది గదబ్బా."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ హాస్యం ఏళ్ళపాటు బతికింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా ప్రయాణం మాట ఎత్తితే చాలు, అక్క దాన్ని బయటికి తీసేది. కొన్నాళ్ళకు మా ఆవిడ తన మీద తనే చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఒక్కటే తేడా. ఆ తర్వాత ఆమె ఎక్కడికైనా పోదామని మళ్ళీ అడగలేదు.

ఈమధ్య, చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్ చేసింది. మమ్మల్ని ఎక్కడికైనా తీసుకువెళతానని, హోటలు చూడాలా ఇల్లు చూడాలా అని అమ్మను అడిగింది.

"నన్నడగొద్దు తల్లీ. నేను నాన్చితే రూములైపోతాయి. మీ నాయన్నడిగి ఏదో ఒకటి పట్టు," అంది మా ఆవిడ.

ఈసారి గొంతులో హాస్యం లేదు. నిజంగా నమ్మిన మనిషి మాట అది. పక్క గదిలో కూర్చుని చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆమె ఫోన్ పెట్టేశాక వెళ్ళి, హోటలు మనిషి నాతో ఏం చెప్పాడో, నేను ఆమెతో ఏం చెప్పానో పూర్తిగా చెప్పాను.

ఆమె వెల్లుల్లి ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. తలెత్తకుండానే అంది.

"ఆ మూడు దినాలూ నన్ను నేనే తిట్టుకుంటా వండినాను బావా."

నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకొక్కదానికి చెప్తే ఎట్లా? వదినకు చెప్పు. ఆయమ్మ ముందర గదా నన్ను అనిపించినావు."

ఇప్పుడే చేస్తానని ఫోన్ అందుకున్నాను. ఫోన్లో వద్దంది.

ఆదివారం చిత్తూరు వెళ్ళాం. భోజనాల దగ్గర అమ్మాయి ప్రయాణం సంగతి వచ్చింది. అక్క అలవాటు ప్రకారం, ఈసారైనా తేదీలు ముందే చెప్పమ్మా అని మొదలుపెట్టింది. నేను ఆపి, జరిగింది చెప్పాను. మొదట అక్కకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె కింద పెట్టింది.

"రూములుంటే మేమూ ఒకటి తీసుకునేవాళ్ళం గదరా. మాకు చేతగాకనా? నన్నొక మాట అడిగినావా నువ్వు?"

అడగలేదన్నాను. అక్క మా ఆవిడ వైపు తిరిగింది. "ఇన్నేండ్లు నేను నిన్ను ఎగతాళి చేస్తా ఉంటే ఈడు గమ్మునుండాడు సూడు."

అక్క భర్త, అయిపోయిందేదో అయిపోయింది, అన్నం చల్లారిపోతుంది తినండని సర్దబోయాడు. మా ఆవిడ పోనీలే అనలేదు. విస్తరిలో చెయ్యి కదపకుండా నన్నే చూస్తోంది.

"రూముండింది," అన్నాను ఆమెతో, అందరికీ వినపడేలా. "నువ్వు అడిగిందీ అదొక్కటే. అక్కకు ఒక మాట చెప్పలేక నీ మీద వేసినాను. నువ్వు ఆలస్యం చేసింది ఏమీ లేదు. వీళ్ళంతా నవ్వతా ఉంటే నేనూ కూర్చోని నవ్వినాను, అది ఇంకా పెద్ద తప్పు. నన్ను మన్నించు."