అన్నయ్య కారు చప్పుడు

అన్నయ్య పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. చూడవచ్చినవాళ్లు భుజం తట్టి గుండె దిటవు చేసుకోమన్నారు. దిటవు చేసుకోవడానికి లోపల ఏదైనా కదిలితే కదా! తిన్నాను, పడుకున్నాను, కడియంలో మా నర్సరీకి వెళ్లి లారీలకు మొక్కలెక్కించాను. అన్నీ మామూలుగానే జరిగిపోతుంటే నా మీద నాకే చిరాకేసేది.

ఆయన పాత అంబాసిడర్ షెడ్డులో మిగిలింది. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఎవరూ కదపలేదు. షెడ్డు రేకు కారి, వానలకు ఇంజనులోకి నీళ్లు దిగి బిగుసుకుపోయింది. తుక్కుకింద అమ్మేయమని అందరూ సలహాలిచ్చారు. సలహాకేం, నోరుంటే చాలు. నేను దాన్ని లాగించుకుని రాజమండ్రిలో తెలిసిన మెకానిక్ దగ్గర పడేశాను. అతను ఎక్కడో పాడుబడ్డ వ్యాను నుంచి ఒక పెట్రోలు ఇంజను పట్టుకొచ్చాడు.

నేనడిగింది ఒక్కటే. పాత సైలెన్సరే ఉండాలి, కారు చప్పుడు మారకూడదు.

అన్నయ్య ఇంటికొస్తూ హారన్ కొట్టి ఎరుగడు. కాలువ వంతెన దిగుతుండగానే ఆ గుడగుడ వినిపించేది. వదిన మొక్కలకు నీళ్లు పెడుతున్న పైపు అక్కడే పడేసి, తడి చేతులతో వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తీసేది. కారు ఆగకుండా లోపలికొచ్చేది. "చూశావా, నా ఇంజను ఎలా పలుకుతుందో!" అని అన్నయ్య మురిసిపోయేవాడు.

కొత్త ఇంజను నుంచి పొగ వచ్చే గొట్టం లావుగా ఉంది, పైగా పాతది ఉన్నచోట లేదు. మధ్యలో వంపు గొట్టం వేసి, సైలెన్సర్ మూతి కోసి వెడల్పు చేయాలన్నాడు మెకానిక్. కోశాక నన్ను పిలిచి లోపలికి లైటు వేశాడు.

"ఆ చప్పుడు ఇంజను గొప్పేం కాదండి. దీని లోపల చిల్లుల గొట్టాలు, అడ్డరేకులు ఉండాలి కదండీ, అన్నీ తుప్పుపట్టి రాలిపోయాయండి. ఉత్త డబ్బా మిగిలింది. కొత్తవి వేసి వెల్డింగ్ చేసేస్తాను, అసలు చప్పుడే ఉండదండి."

"వద్దండి. ఇలాగే బిగించేయండి."

"చెవులు పోతాయండి బాబూ!"

"పోనివ్వండి."

ఇన్నాళ్లూ అన్నయ్య గొప్పలు పోయింది తుప్పు చూసుకునన్నమాట. ఆ మాట చెప్పి ఏడిపిద్దామంటే మనిషి లేడు.

కారు తెచ్చుకున్నాను. అచ్చం అదే చప్పుడు కాదు గానీ, వంతెన దిగేటప్పటి గుడగుడ మాత్రం అదే. మలుపు తిరిగేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. వదిన పక్కకు తప్పుకుని నిలబడింది. స్టీరింగ్ వెనక నన్ను చూసింది. వెళ్లి పైపు అందుకుంది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఓ రోజు అన్నం వడ్డిస్తూ అంది.

"ఆ చప్పుడు తీయించెయ్ బాబూ. అది వింటే నా కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి. తీరా వెళ్తే నువ్వు. నీ తప్పేం లేదు. రోజూ అంటే నావల్ల కావట్లేదు."

ఆమె సంతోషిస్తుందని చేశాననుకున్నాను. నిజానికి నా కోసమే చేసుకున్నాను. ఆ చప్పుడులో కూర్చుంటే నాకేమైనా అనిపిస్తుందేమోనని ఆశపడ్డాను. ఏమీ అనిపించలేదు.

మెకానిక్ "నే చెప్పలేదేంటండీ" అంటూనే సైలెన్సర్ విప్పి, లోపల కొత్త గొట్టాలు, రేకులు పెట్టి మళ్లీ అతికాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. తిరిగొస్తుంటే వంతెన మీద టైర్ల కింద కంకర నలగడం వినిపించింది.

మా గేటు మూసి ఉంది. దాని ముందు కారు ఆపి, ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ఊచల సందుల్లోంచి వదిన కనిపిస్తోంది. అటు తిరిగి బంతి నారుకు నీళ్లు పెడుతోంది. వెనక్కి చూడలేదు. నేనింకా కూర్చునే ఉన్నాను. దేనికోసం చూస్తున్నానో కాసేపటికి గానీ తట్టలేదు. ఇన్నేళ్లూ అన్నయ్య పక్కన కూర్చుని వచ్చినవాణ్ని. ఆ కారు వచ్చేసరికి గేటు తెరిచి ఉండాలి, నాకు తెలిసింది అదే.

అన్నయ్య ఇక లేడు. ఆ మాట ఎంతమంది నోట విన్నానో, లోపలికి దిగింది అప్పుడే. కళ్లు మాత్రం తడవలేదు.

దిగి గేటు తీసుకున్నాను.