బలపరిచే చెయ్యి

ఎనభైల మొదట్లో, విదేశంలో నేను పాఠాలు చెప్పిన యూనివర్సిటీలో విద్యార్థులందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్సులను సవరించే కమిటీలో నా పక్కన లాటిన్ ప్రొఫెసర్ కూర్చునేవారు. ఎవరేం ప్రతిపాదించినా ఆయన చెయ్యెత్తి బలపరిచేవారు. ఇంకొకరు బలపరిస్తేగాని ఏ ప్రతిపాదనా చర్చకు రాదు.

"నచ్చనివి కూడా ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"ముందు మాట్లాడుకోనీ. కాదనడానికి తర్వాత ఓటుందిగా" అన్నారు.

ఒక మధ్యాహ్నం లాటిన్‌నే తీసేయాలని ప్రతిపాదన వచ్చింది. అది పోతే ఆయన ఉద్యోగమూ పోతుందని అందరికీ తెలుసు. బలపరచడానికి ఎవరూ కదల్లేదు. అక్కడితో వీగిపోయేదే. ఆయన చెయ్యెత్తారు.

"చర్చకు ఎవరైనా?" అన్నారు అధ్యక్షురాలు. అందరం బల్లకేసి చూస్తూ కూర్చున్నాం. ఓటింగ్‌లో ప్రతిపాదన నెగ్గింది.

వేసవిలో తన గది ఖాళీ చేస్తూ ఆయన నాతో అన్నారు: "ఆ రోజు ఒక్కరైనా ఏదో ఒకటి మాట్లాడతారనుకున్నాను."