మూతకు తొడిగిన కవరు

జనాన్ని ఒడ్డు దాటించే దానియేలు రోజూ పొద్దున్నే తన పడవ మోటరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకునేవాడు. తరవాత, దుమ్మూ నీళ్లూ పడకుండా, తన బైబిలుకు వేసినట్టే పెట్రోలు డబ్బా మూతకు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బిగించేవాడు. అది పాత మోటరు. కల్హేర్ దగ్గరి ప్రాజెక్టు నీళ్లలో సగం దూరం పోగానే ఆగేది. మూత తీసి, పెట్రోలు చూసి, కండ్లు మూసుకొని, మళ్లీ బిగించి తాడు గుంజితే నడిచేది. దేవుడు విన్నాడని చర్చిలో అందరి ముందు సాక్ష్యం కూడా చెప్పాడు.

మొన్న నూనె అమ్మే చన్నమ్మ, పురిటి నొప్పులు పడుతున్న కోడలు సుప్రీతను పడవ ఎక్కించింది. అవతలి ఒడ్డున నారాయణఖేడ్ దవాఖానకు పోను ఆటో నిలబడి ఉంది. ఎదురుగాలిలో మోటరు నడుమ ఆగింది, నడిచింది, మళ్లీ ఆగింది. దానియేలు మూత తిప్పగానే గాలి సుయ్‌మని లోపలికి పోయింది. ఆయన కండ్లు మూశాడు. సుప్రీత పడవ అంచు పట్టుకొని మూలిగింది.

"ఏంది దానేలూ, డబ్బాకు ఒక్కటే బొక్క కొడితే నూనె దిగుతదా? గాలికి ఇంకోటి ఉండాలె. మూతకు ఉన్న బొక్కను నువ్వు అంగీ తొడిగి మూసినవ్," అంటూ చన్నమ్మ కవరు పీకి నడుముకు చెక్కుకుంది.

దానియేలు మూత బిగించి తాడు గుంజాడు. ఈసారి మోటరు ఒడ్డు దాకా ఆగలేదు.

కోడలిని ఎక్కించి తానూ కూర్చున్న చన్నమ్మను దానియేలు ఆటో కడ్డీ పట్టుకొని అడిగాడు. "బిడ్డ పుట్టినంక ఒక్క ఆదివారం మా గుడికి రా అక్కా. గీ మూత ముచ్చట నువ్వే చెప్పాలె. నా సాక్ష్యం సగమే ఉండె."