ఐబు ముందు చెప్పే అలవాటు

బొమ్మల నవలలు చదువు రాని పిల్లల కోసమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు నలభై ఆరేళ్ళు. లాడ్ బజార్‌లో మాకు లేసులు, గోటా అంచులు అమ్మే దుకాణం ఉంది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక గోటా చుట్టల చాటున పెట్టుకుని నేను చదివినన్ని బొమ్మల నవలలు మా అమ్మాయి బడిలో టీచర్లంతా కలిసినా చదివి ఉండరు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ చదువే నా కొంప ముంచింది.

మొదలుపెట్టింది మా అమ్మాయే. ఆరో తరగతిలో ఉండగా బడి లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి, దివాన్ మీద పడేసి ట్యూషన్‌కు పోయింది. నత్తి ఉన్న ఒక పిల్ల కథ అది. ఆ పిల్ల నోరు తెరిచినప్పుడల్లా మాటల బుడగలో ఒకటే అక్షరం ఉంటుంది, మిగతా బుడగంతా ఖాళీ. పక్కవాళ్ళ బుడగలు మాత్రం నిండుగా వచ్చి ఆమె బుడగ మీద పడుతుంటాయి. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చదువుతూ ఉండిపోయాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది. అమ్మాయి తిరిగొచ్చి, తనకంటే ముందు నేనెట్లా చదువుతానని లొల్లి పెట్టింది. ఆ రోజు ఒప్పందం చేసుకున్నాం. ముందు తను చదవాలి, తర్వాత నేను, ఆ తర్వాత ఇద్దరం కొట్లాడుకోవాలి.

నిజంగానే కొట్లాడుకునేవాళ్ళం. మార్కుల కాగితం దాచిన పిల్లాడి కథ ఒకటి వచ్చింది. అందులో తల్లిని మరీ రాక్షసిలా వేశాడని నేను, సరిగ్గానే వేశాడని తను. కోపం వచ్చినప్పుడు ఆ తల్లి ముక్కుపుటాలు అచ్చం నావేనట. వారం రోజులు నన్ను ఆ పేజీ నంబరుతో పిలిచింది. పైకి విసుక్కున్నాను గానీ, పద్నాలుగేళ్ళ పిల్ల తల్లితో ఇంతసేపు మాట్లాడుతోందంటే అది ఆ పుస్తకాల పుణ్యమేనని నాకు తెలుసు. మా చుట్టుపక్కల ఇళ్ళలో ఆ వయసు పిల్లలు తల్లులతో మాట్లాడేది చార్జర్ కోసమే.

నా అభిప్రాయాలు నాకు గట్టివి. ఒక బొమ్మల నవల మంచిదో కాదో తెలియాలంటే మాటల్లేని పేజీలు చూడాలంటాను. బొమ్మ వేసేవాడు అక్కడ దొరికిపోతాడు. తెలుగులో వచ్చేవాటితో నాకు వేరే తగాదా ఉంది. మన ఒత్తులు, గుణింతాలు ఆ బుడగల్లో పట్టవు. పట్టించడానికి అక్షరాన్ని చీమంత చేస్తారు. పైగా గల్లీలో గోలీలాడే పిల్లాడి చేత "నేను మిక్కిలి చింతించుచున్నాను" అనిపిస్తారు. మా మొఘల్‌పురాలో ఏ పిల్లాడైనా అట్లా మాట్లాడితే జ్వరం తలకెక్కిందని ఆస్పత్రికి తీసుకుపోతారు. ఇక కాస్త పెద్దపిల్లల కోసమని తెచ్చేవాటిలో చివరి పేజీకి ఎవరో ఒక పెద్దమనిషి దిగి నీతి చెప్పి పోతాడు. ఆ పేజీ వచ్చిందంటే మా అమ్మాయి "వచ్చిండు సార్" అని పుస్తకం మూసేది. ఈ ఒక్క సంగతిలో ఇద్దరిదీ ఒకే మాట.

ఇప్పుడు మా దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. అది మా మామగారు పెట్టింది. ఏ మాల్ చూపించినా ముందు దాని ఐబు చెప్పాలి, అంటే దాని లోపం. ఈ గోటా రెండు ఉతుకులకే నల్లబడుతుంది, ఈ లేసుకు ఎరుపు దిగుతుంది, అని గిరాకీ చెయ్యి వేయకముందే చెప్పేయాలి. ఆ తర్వాతే దాని అందం గురించి నోరు విప్పాలి. ఐబు దాచి అమ్మేవాళ్ళ దగ్గర ఏమీ కొనవద్దని ఆయన మనవరాలికి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. పెళ్ళి బట్టల కోసం వచ్చే ఆడవాళ్ళు నాలుగు దుకాణాలు దాటుకుని మా మెట్లు ఎక్కేది అందుకే. "ఇస్‌మే క్యా ఐబ్ హై, బోలో భాభీ" అని వాళ్ళే అడుగుతారు.

కాబట్టి పుస్తకాల మీద చీటీలు రాయాలనుకున్నప్పుడు నాకు ఇంకో తీరు తోచలేదు. లేసు చుట్టే అట్టముక్క ఒకటి తీసుకుని, నడుమ గీత గీసి, పైన ఐబు, కింద గుణం రాసేదాన్ని. పేజీ నంబర్లతో సహా. అమ్మాయి ఆ ముక్కలను చూసి అవునో కాదో పక్కన గీకేది. కొన్నాళ్ళకు అన్నింటినీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించాను. పెళ్ళింట్లో ఉండగా పెద్దమనిషైన పిల్ల కథకు పైన "ఇరవై తొమ్మిదో పేజీలో లంగా మీద మరక చూపించారు, మగపిల్లలు నవ్వుతారు" అని రాశాను. గీత కింద "నవ్వితే నవ్వనివ్వండి, ఆ తర్వాతి పేజీ చదివాక నవ్వు ఆగుతుంది, వాళ్ళ చేత తప్పకుండా చదివించాలి" అని రాశాను.

ఇంకొకటి ఉంది. మతిమరుపు వచ్చిన అమ్మమ్మను చూసుకునే పిల్ల కథ. దాన్ని మేం జడ పుస్తకం అనేవాళ్ళం. పైన ఇట్లా రాశాను: "నలభై ఒకటో పేజీలో పిల్ల అమ్మమ్మ మీద చెయ్యి చేసుకుంటుంది. చూడటానికి భయంగా ఉంటుంది." గీత కింద: "ఆ తర్వాత ఆరు పేజీల్లో ఒక్క మాట లేదు. పిల్ల అమ్మమ్మకు జడ అల్లుతుంది, విప్పుతుంది, మళ్ళీ అల్లుతుంది. ఇంట్లో ముసలివాళ్ళతో విసిగిపోయిన ప్రతి పిల్లకూ ఈ పుస్తకం ఇవ్వాలి." మా మామగారు మంచాన పడి ఉన్న చివరి రోజుల్లో మా అమ్మాయి ఆయన మీద ఒకసారి గట్టిగా అరిచింది. ఆ వారంలోనే ఆయన పోయారు. ఆ సంగతి ఏడాది దాకా ఎవరికీ చెప్పలేదు. జడ పుస్తకం చదివిన రోజు నా పక్కన కూర్చుని చెప్పింది. తొమ్మిదో తరగతి వచ్చేలోపు దాన్ని నాలుగుసార్లు ఇంటికి తెచ్చుకుంది.

ఆ బడి లైబ్రరీ మేడమ్ నా చిన్ననాటి స్నేహితురాలు. మొఘల్‌పురాలో మా రెండిళ్ళకు ఒకటే గోడ. నా పెళ్ళి చీరకు అంచు కుట్టింది తనే. ఇప్పుడు జహనుమాలో ఉంటుంది. ఆ బడిలో బొమ్మల నవలలకు ఒక అల్మారా పెట్టించింది కూడా తనేనని నేను బజారంతా చాటేదాన్ని. బడులు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం దుకాణానికి వచ్చింది. చాయ్ తాగుతూ, ఏ పుస్తకం ఎట్లాంటిదో పిల్లలకు తెలియడం లేదని, నా నోటుబుక్కు ఇస్తే లైబ్రరీలో పెడతానని అడిగింది.

"నీ లెక్క ఎవ్వరు చదవరే. పేజీలతోటి రాసినవ్," అంది.

నేను ఉబ్బిపోయాను. నిజం చెప్తున్నాను, నా రాత చదువుతామని అంతవరకు ఎవరూ అడగలేదు. నోటుబుక్కుకు కొత్త అట్ట వేసి, చుట్టూ వెండి లేసు అంటించి మరీ ఇచ్చాను. అది మన ఇద్దరిది కదా, ఇవ్వొద్దని అమ్మాయి రెండుసార్లు అంది. పిల్లకేం తెలుసని కొట్టిపారేశాను.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు మూలకు విసిరి, గదిలోకి పోయింది. మంచినీళ్ళు తీసుకుపోతే ఒక కాగితం నా చేతిలో పెట్టింది. బడివాళ్ళు తల్లిదండ్రులందరికీ పంపిన కాగితం అది. పైన "ఒక పాఠకురాలి అభిప్రాయాలు" అని ఉంది. కింద పదిహేడు పుస్తకాలు, ఒక్కొక్కదాని ఎదుట నా మాటలు. పై సగం మాత్రమే. గీత కింద రాసినవి ఒక్కటీ లేవు. "పిల్ల అమ్మమ్మ మీద చెయ్యి చేసుకుంటుంది. చూడటానికి భయంగా ఉంటుంది." అంతే. దుకాణం నడిపే ఒక తల్లి పేజీ పేజీ చదివి చెప్పిన అభ్యంతరాల మీద ఈ పుస్తకాలను తీసివేస్తున్నామని చివర రాశారు. నా పేరు వేయలేదు. బజార్లో కూర్చుని బొమ్మల పుస్తకాలు చదివే తల్లి ఆ బడికి ఇంకెవరున్నారని?

"మీ అమ్మనే తీయించింది అంటున్నరు క్లాసుల," అంది అమ్మాయి. "జడ పుస్తకం గుడ పోయింది."

నేను రాసింది అది కాదని నీకు తెలుసు కదా అన్నాను. తెలుసంది. తెలిసి మరి నా మీద ఎందుకు కోపమని అడిగాను.

"ఇయ్యకు అన్న గద," అని తలుపు వేసుకుంది.

మర్నాడు బడికి పోయాను. అల్మారాకు తాళం వేసి, అద్దాల మీద పాత పేపర్లు అంటించారు. నన్ను చూడగానే నా స్నేహితురాలు రిజిస్టర్‌లో తల దూర్చింది. నేను కదలకపోయేసరికి చెప్పుకొచ్చింది. ఎవరో ఒక తండ్రి ఫిర్యాదు చేశాడట. ఏ పుస్తకంలో ఏ అభ్యంతరం ఉందో వారంలోగా జాబితా ఇమ్మని పైవాళ్ళు కూర్చున్నారట. అవన్నీ చదవడానికి తనకు టైమ్ ఎక్కడిదట. ఆ గదిలో నిలబడితే నాకు అర్థమైంది. వాళ్ళలో ఏ ఒక్కరూ ఒక్క పుస్తకం కూడా తెరవలేదు. తెరిచే అవసరం లేకుండా పేజీ నంబర్లతో సహా అన్నీ అమర్చిపెట్టింది నేనే.

"ఒక్క అక్షరం నేను కలపలేదు. అన్ని నువ్వు రాసినయే," అంది.

కలపలేదు, నిజమే. కోసింది. మేం లేసు కోసేటప్పుడు కూడా గిరాకీని అడిగే కత్తెర పెడతాం. కింది సగం ఏమైందని అడిగాను.

"నా నౌకరి పోతుండె. నీదేం పోయింది? నీ దుకాణం నీకున్నది."

నౌకరి భయం నాకు అర్థమవుతుంది. ఆ భయమేదో నాతో చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని ఏదో ఒకటి రాసేవాళ్ళం, నలభై ఏళ్ళ స్నేహానికి ఆ మాత్రం చేయనా? కానీ నా చాయ్ తాగుతూ నన్ను పొగుడుతున్నప్పుడే ఆమెకు అంతా తెలుసు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ వయసులో, ఆ మనిషి దగ్గర తెలిసింది. నోటుబుక్కు ఇచ్చేయమన్నాను. ఆఫీసు ఫైలులో పెట్టారట, తిరిగి రాదట. కింది సగాలు గుర్తున్నంత వరకు మళ్ళీ రాసి ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఇచ్చి వచ్చాను. తీసుకుని థాంక్స్ చెప్పారు. అల్మారా తాళం మాత్రం అట్లాగే ఉంది.

ఇంట్లో అమ్మాయి నాతో మాట్లాడటం మానలేదు. అన్నం పెట్టమనేది, రిబ్బన్ ఎక్కడుందని అడిగేది. పుస్తకాల మాట మాత్రం ఎత్తడం మానేసింది. నేను ఎత్తినా "ఊఁ" అని లేచిపోయేది. ఆ ఇంట్లో నాకు ఎంత వెలితిగా ఉండేదో చెప్పలేను. ఒక ఆదివారం ఆబిడ్స్ పోయి, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలన్నీ తిరగేశాను. జడ పుస్తకం దొరకలేదు. పతంగులు చేసే ఇంటి పిల్ల కథ ఒకటి దొరికితే తెచ్చి దుకాణంలో చదివాను. ఐబులు మస్తుగా ఉన్నాయి. రెండో సగం సాగదీశాడు, ఆడపిల్లలందరికీ ఒకటే ముక్కు పెట్టాడు, చివర్లో నీతి చెప్పే సార్ దిగనే దిగాడు.

అట్టముక్క తీసుకుని గీత గీశాను. పైన రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఇది ఎవరి చేతిలో పడుతుందో, ఎవరు ఎక్కడ కోస్తారో అనిపించింది. పై సగం ఖాళీగా వదిలేసి కింద మాత్రం నిండుగా రాశాను. రంగులు బాగున్నాయి, పిల్ల ధైర్యం బాగుంది, తప్పక చదవాలి. పుస్తకంలో పెట్టి అమ్మాయి బల్ల మీద ఉంచాను.

రెండు రోజులకు తను బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చింది. పుస్తకం కౌంటరు మీద పెట్టింది. అట్టముక్క చేతిలోనే ఉంది.

"చివర్ల సార్ వచ్చిండు," అంది.

"అవు, వచ్చిండు," అన్నాను. అన్ని రోజుల తర్వాత తనంతట తాను పుస్తకం మాట ఎత్తిందని నా ప్రాణం లేచి వచ్చింది.

"ఆడివిల్లలందరికి ఒక్కటే ముక్కు."

"అవు."

"మరి నువ్వు రాయలేదేంది?"

ఇంతలో ఒకామె గోటా చుట్ట పైకెత్తి, ఇందులో ఐబు ఏమిటని అడిగింది. రెండు ఉతుకులకే నల్లబడుతుందని చెప్పేశాను, నోటికి అలవాటు. ఆమె వేరేది తీసుకుని వెళ్ళేదాకా అమ్మాయి పక్కనే ఆగింది. తర్వాత అట్టముక్కను నా వైపు జరిపింది.

"ఆమెకు చెప్పినవ్, నాకు దాచినవ్," అంది. "తాత ఉంటే నీ దగ్గర కొనకు అంటుండె."

పుస్తకం అక్కడే వదిలేసి, బ్యాగు భుజానికి వేసుకుని చార్మినార్ వైపు నడిచి పోయింది.