నేను జరిపిన గింజ

మా కొండల్లో కొత్త ఇల్లు కట్టాలంటే ముందు నేలను అడగాలి. అనుకున్న చోట చిన్న గుంట తవ్వి, ఆ ఇంట్లో ఉండబోయే మనిషికి ఒకటి చొప్పున బియ్యపు గింజలు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, అడ్డాకు కప్పి వస్తారు. మర్నాడు పొద్దున దిసారి, అంటే ఊరి మంచిచెడ్డలు చూసే పెద్ద, ఆకు తీస్తాడు. గింజలు పెట్టినట్టే ఉంటే ఆ నేల రమ్మన్నట్టు. విడిపోతే ఇక ఆ చోటు మాట ఎత్తకూడదు.

పితూరీ తిరుగుబాటు సద్దుమణిగి, ఉప్పు మోసే ఎడ్లు మళ్లీ కొండెక్కుతున్న రోజులవి. మా ఇల్లు కొండ పైన ఉండేది. పిల్లలు మాకు దక్కలేదు. మా ఆయనకు కుడి మోకాలు అప్పటికే పట్టేస్తుండేది. ఒకరోజు చేట అల్లుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"కిందకి పోదామే. సంత పక్కన, ఊట కాడికి. కాళ్లు ఆడినప్పుడే కట్టుకోవాల. కాళ్లు పోయాక ఎవుడు కడతాడు?"

"అక్కడేటి సేత్తావు?"

"అరుగు మీద కూకుని బుట్టలల్లుతాను. వారం వారం సంతే నా కాడికొత్తాది. ఉప్పోళ్ల కబుర్లన్నీ ఇంటాను. నీకు నీళ్లు నాలుగడుగులే."

అరుగు ఎంత ఎత్తుండాలో కూడా వెదురుపుల్ల మీద గాటు పెట్టుకున్నాడు. మోకాలికి జానెడు తక్కువ. ఆ పుల్ల చూరులో దోపి ఉంచాడు.

నాకు కదలడం ఇష్టం లేదు. అక్కను మేం అప్ప అంటాం. మా అప్ప ఇల్లు పక్కనే. ఇద్దరం ఒకే తిరగలి దగ్గర కూర్చుని చోళ్లు విసిరేవాళ్లం. నేను నాటిన పనసలు రెండూ ఆ ఏడే తొలికాపు కాశాయి.

"మీ ఆయనకి మోకాలు నొప్పి కాదే, కల్లుకుండకి దగ్గర దారి సూసుకుంతన్నాడు" అని అప్ప ఎగతాళి చేసేది. నేను నవ్వేదాన్ని. కానీ ఆయనతో వద్దని ఒక్కసారీ అనలేదు. అని ఉంటే పోట్లాడుకునేవాళ్లం, ఏదో ఒకటి తేలేది.

మేం నీళ్లు తెచ్చుకునేదీ ఆ ఊట నుంచే. దాని పక్కన మా ఇద్దరి పేరా గింజలు పెట్టిన మర్నాడు, ఇంకా ఎవరూ రాకముందే, తెల్లారుతుండగా కడవతో దిగాను. ఆకు ఎత్తి చూశాను. రెండు గింజలూ ఆనుకునే ఉన్నాయి. చిటికెన వేలితో ఒకదాన్ని పక్కకు జరిపి, ఆకు కప్పి, నీళ్లు ముంచుకుని కొండెక్కాను.

"ఇడిపోయాయిరా. ఈ నేల ఒద్దంటంది" అన్నాడు దిసారి. మా ఆయన నేలకు దండం పెట్టి వచ్చేశాడు. సంత దగ్గర నీళ్లున్న చోటు అదొక్కటే.

రెండేళ్లకు అప్ప తన కూతురి దగ్గరికి, లంబసింగి వైపు వెళ్లిపోయింది. ఆయనకు రెండో మోకాలూ పట్టేసింది. సంతరోజు గుమ్మంలో కూర్చుని కిందికి చూసేవాడు. అక్కడి నుంచి ఎడ్లు కనిపిస్తాయి గాని మాట వినిపించదు. ఆయన అల్లిన బుట్టలు నేనే మోసుకెళ్లి అమ్మి వచ్చేదాన్ని.

"ఉప్పోళ్లు ఏటన్నారే?" అని అడిగేవాడు.

"ఏటంతారు, ఉప్పమ్మినారు" అనేదాన్ని. నాకు కబుర్లు చెప్పడం రాదు.

ఒకసారి అంబలి తాగుతూ ఆగి, "ఆ నేలకి మనమీద ఎందుకు కోపమొచ్చిందో. ఏం తప్పు సేసానో ఎంత తలుసుకున్నా తెలవట్లేదు" అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. "సల్లారిపోతంది, బేగి తాగు" అన్నాను.

తను చెయ్యని ఆ తప్పును వెతుక్కుంటూనే పోయాడు.

తరవాత నా కాళ్లూ మొరాయించాయి. ఊరివాళ్లు ఆ ఊట దగ్గరే నాకు పాక వేస్తామన్నారు. ఉండే మనుషుల లెక్క మారితే నేలను మళ్లీ అడగొచ్చని దిసారి ఇంకోసారి గుంట తవ్వాడు. ఒంటి మనిషికి ఒంటి గింజ. మర్నాడు ఆకు తీసి, "సూసావా, ఇప్పుడు ఒప్పుకుంది" అన్నాడు. విడిపోవడానికి ఆ గింజ పక్కన ఏముందని? తలూపాను.

ఇక్కడికి వచ్చాకే పక్కింటి పంతులుగారి భార్య నాకు అక్షరాలు నేర్పింది. నోటితో ఎవరికీ చెప్పలేకపోయినదాన్ని ఇలా రాస్తున్నాను. అరుగు ఆయన గాటు పెట్టిన ఎత్తుకే కట్టించాను. సంతరోజు ఉప్పోళ్లు దాని మీద కూర్చుని కబుర్లు చెబుతారు. ఒక్కటి కూడా మర్చిపోకుండా వింటాను.