కుడి అంచు

బాక్సింగ్ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. మనిషిని మనిషి కొడుతుంటే చుట్టూ చేరి ఈలలు వేయడమేమిటి? ఈ మాట పెళ్లికి ముందే మా బావ ముఖాన అన్నాను. బావ అంటే మా మేనత్త కొడుకు, తర్వాత నా పెనిమిటి. "నీకు గాజుల చప్పుడు తప్ప ఏం తెల్వదే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసే చేసుకున్నాను, అది వేరే సంగతి.

మాది గద్వాల. పుట్టినిల్లూ మగ్గమే, అత్తిల్లూ మగ్గమే. బావ బడిలో ఉన్నప్పుడు ఆటల సారు అతని భుజాలు పట్టి చూసి, వీడికి గ్లవ్స్ తొడగండి అన్నాడట. అలా మొదలైంది. జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత హైదరాబాద్‌లో పైసలిచ్చి ఆడించే పోటీలు. పెద్ద లైట్ల కింద, భుజం మీద గెలుపు బెల్టుతో దిగిన అతని ఫోటోను మా ఊరి కోట గేటు పక్కన ఫ్లెక్సీ వేసి కట్టారు. మా అత్త వెళ్లి ఆ ఫ్లెక్సీకి దిష్టి తీసింది. గాలికి ఊగే గుడ్డ చుట్టూ ముసలావిడ నిమ్మకాయ తిప్పుతుంటే బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అతను బస్సెక్కిన ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు. ఫోన్ మోగితే ముందు అత్తను ఎత్తమనేదాన్ని.

పోటీలు లేని రోజుల్లో బావ మగ్గం మీదే ఉండేవాడు. మా చీర సంగతి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే నా భయం ఎక్కడిదో మీకు తెలియదు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ కుట్టి కలపం, నేతలోనే కలుపుతాం. గుంట మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. ఎడమ అంచు నాది, కుడి అంచు బావది. నడిమి నూలు పోగును మోసే నాడె బావ చేతిలోంచి నా వైపు వస్తుంది. నేను నా పట్టు పోగును దానికి మెలివేసి వెనక్కి పంపుతాను, అటువైపు తన పట్టు పోగును బావ మెలివేస్తాడు. ఆ మెలిక పడకపోతే అక్కడ సందు మిగులుతుంది, అంచు ఒళ్లు విడిచేస్తుంది. పెళ్లయిన కొత్తలో సిగ్గుకొద్దీ మేం మాట్లాడుకున్నదే తక్కువ. నాడె మాత్రం పొద్దస్తమానం అటూ ఇటూ తిరిగేది.

అతను మొదటిసారి ఓడిపోయింది హైదరాబాద్‌లోనే. దవడ మీద దెబ్బ తగిలి వెల్లకిలా పడ్డాడు. ఆ వీడియో మా వాడ మొత్తం ఫోన్లలో తిరిగింది. ఇంటికొచ్చి, "కాలు జారింది, అంతే" అన్నాడు. జారిన మనిషి అలా పడడు. ఆ వారంలోనే ఒక పొద్దున నేస్తూ ఉండగా చప్పుడు ఆగింది. నాడె రావాలి, రాలేదు. తల తిప్పి చూస్తే నాడె అతని చేతిలోనే ఉంది. దాన్ని ఎవరో కొత్తగా ఇచ్చినట్టు చూస్తున్నాడు.

"ఏంది బావా?"

"ఏం లేదు. పోగు తెగిందేమో అనుకున్న."

పోగు తెగలేదు. అది నా కళ్లముందే ఉంది.

అక్కడి నుంచి అతని ఆట కిందికే దిగింది. హైదరాబాద్ వాళ్లు పిలవడం మానేశారు. ఫంక్షన్ హాళ్లలో, లీడర్ల పుట్టినరోజులకు, కేకు కోసే ముందు ఒక తమాషా కింద పిలిచేవాళ్లు. "ఏందయ్యా, పెండ్లిల బాజా లెక్క అయితివి" అని దెప్పేదాన్ని. దెప్పితేనన్నా మానతాడేమోనని ఆశ. మానలేదు. "రింగుల ఉన్నప్పుడే నాకు తల సాఫ్‌గ ఉంటదే" అన్నాడు ఒకసారి. ఆ మాట విన్నాక దెప్పడం నా వల్ల కాలేదు.

నాగర్‌కర్నూల్ పోటీకి పట్టుబట్టి నేనూ వెళ్లాను. బిర్యానీ వాసన, డీజే మోత, నడుమ తాళ్లు కట్టిన రింగు. అవతలివాడు నల్లమల దిక్కు పిల్లవాడు, అడవిలో తిరిగిన కాళ్లు, ఒక్కచోట నిలవడు. బావ చెయ్యి లేపేలోపే వాడి చెయ్యి తగిలేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ప్రతి దెబ్బకూ పక్కనున్న ఆడవాళ్లు "అబ్బ" అంటుంటే లేచి చెంప పగలగొడదామా అనిపించింది. చివరికి బావ మోకాళ్ల మీద కూలాడు. గెలిచిన పిల్లవాడు చేతులు పైకెత్తలేదు. వంగి బావ కాళ్లు మొక్కాడు.

"అన్నా, నీ ఫోటో సూసే నేను మొదలువెట్టిన. ఇంక ఆడకే అన్నా, నీకు దండం వెడత" అన్నాడు ఏడుస్తూ.

బస్టాండులో నేను నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి బావ లేడు. వెతికితే అచ్చంపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. "నీకు గూడ సీటు ఆపిన, రా" అన్నాడు ప్రేమగా. అది మా ఊరికి ఎదురు దిక్కుకు పోయే బస్సు. ఊరి పేరు పెద్ద అక్షరాలతో బస్సు ముందరే రాసి ఉంది, అతనికి చదవడం వచ్చు. దిగమంటే నన్ను కొట్టేంత కోపం చేశాడు. మా బావ నామీద చెయ్యెత్తడం అటుంచి, గొంతు పెంచింది కూడా అదే మొదలు.

మహబూబ్‌నగర్ దవాఖానలో పెద్ద డాక్టరు తల ఫోటోలు తీయించి, ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. తలకు ఇంకొక్క గట్టి దెబ్బ తగలకూడదు. తగిలితే ప్రాణం పోవచ్చు, ప్రాణం మిగిలినా మనిషి మిగలకపోవచ్చు. బావ బుద్ధిగా తలూపాడు. గ్లవ్స్ తీసి అటక మీద పడేశాడు. ఆ ఎండాకాలం నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

వానలు మొదలయ్యాక పోటీలు పెట్టించే ఆయన మా ఇంటికొచ్చాడు. వనపర్తిలో లీడరు పుట్టినరోజట. ఆఖరి పోటీ అట, శాలువా కప్పి ఘనంగా సాగనంపుతారట. "ఘనంగ సాగనంపుడంటే పాడె మీదనా?" అని అడిగాను. చాయ్ సగంలో వదిలేసి వెళ్లాడు. బావ మాత్రం అటకెక్కి గ్లవ్స్ దించుకున్నాడు.

"డాక్టరు చెప్పింది మరిస్తివా?"

"డాక్టరు నా తల సూసిండు, నా చేతులు సూడలే. చేతులకేమయింది? రా, కూసో మగ్గం మీద. నువ్వే సూద్దువు."

కూర్చున్నాం. పెళ్లికిచ్చే చీర అది, దోసగింజ రంగు ఒళ్లు, కుంకుమ రంగు అంచు. బావ నేశాడు చూడండి, కొత్త పెళ్లికొడుకు ఊపుతో. చప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. నాడె వస్తోంది, పోతోంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిచ్చిదాన్ని, ఉత్తపుణ్యానికి హడలిపోయాను అనుకున్నాను. "ఏమంటవ్ ఇగ?" అని లేచి, ఒళ్లు విరుచుకుంటూ బయటికి పోయాడు.

నేసిన గుడ్డను వెలుతురుకు పట్టి చూశాను. నా అంచు గట్టిగా ఉంది. కుడి అంచు వెంట మాత్రం చిన్న చిన్న సందులు, వాటిలోంచి వెలుతురు పడుతోంది. నాడె విసిరాడు, పోగు బిగిసేలా పలక కొట్టాడు, మెలిక వేయడం మరిచిపోయాడు. ఒకచోట కాదు, చాలాచోట్ల. మరిచిపోయానన్నది కూడా అతనికి తెలియలేదు. అతను తిరిగొచ్చాక చూపించబోతే, "లైటు సక్కగ లేదు, రేపు సూద్దాం" అని గుడ్డ మీద దుప్పటి కప్పేశాడు. చూడటానికి అతనికీ భయమే. నాకు అర్థమైంది.

పోటీ రోజు పొద్దున నేను నల్లా దగ్గర బిందెతో ఉన్నాను. తిరిగొచ్చేసరికి అత్త గడపలో కూర్చుని ఉంది. "పోయిండే. ఎంత పిలిచినా ఆగలే" అంది. బిందె అక్కడే దించి మగ్గం దగ్గరికి నడిచాను. కత్తెర తీసుకుని, మగ్గం ముందు కర్రకు చుట్టిన గుడ్డను విప్పాను.

"అయ్యో, ఏం జేస్తున్నవే? నిండని చీర కోస్తరా ఎవరన్న? ఇంటికి మంచిది గాదు!"

మా ఇళ్లలో నేత పూర్తిగా నిండని చీరను మగ్గం మీదినుంచి కోయరు. ఇంట్లో చావు జరిగినా సరే, మైల పోయాక కూర్చుని నిండాకే కోస్తారు. అది నాకూ తెలుసు. "ఇప్పుడు కోయకుంటేనే అత్తా, ఇంటికి మంచిది గానిది" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. లేచి వచ్చి, కత్తెర వంకర పోకుండా గుడ్డను రెండు చేతులా బిగబట్టింది.

బస్సులో ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని కూర్చున్నాను. ఎర్రవల్లి చౌరస్తాలో డ్రైవరు చాయ్ తాగడానికి దిగితే తిట్టిపోశాను. "ఏందమ్మా, మీద వడి కరుస్తవా ఏంది?" అన్నాడు. అవసరమైతే కరిచేదాన్నే. బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా పోతోంది, ఎప్పుడూ చెయ్యెత్తి మొక్కుతాను, ఆ రోజు మొక్కాలని కూడా గుర్తుకు రాలేదు. అప్పటికే మొదలయిందేమో, పడిపోయాడేమో, నన్ను చూసి ఎవరని అడుగుతాడేమో, ఇవే ఆలోచనలు. పెబ్బేరు దాటాక అసలు నా మాట వింటాడా అన్న భయం పట్టుకుంది. వినడు. ఎన్నడు విన్నాడు గనక?

వనపర్తిలో పోటీ పెట్టిన ఫంక్షన్ హాలు వెనకాల, పెళ్లికూతురిని ముస్తాబు చేసే గదిలో కూర్చోబెట్టారు అతన్ని. గోడ నిండా అద్దాలు. రెండు చేతులకూ పట్టీలు చుట్టి ఉన్నాయి. గ్లవ్స్ ఇంకా వేసుకోలేదు. నన్ను చూసి, "వచ్చినవా? ముందల కూసో, మంచిగ కనిపిస్తది" అన్నాడు.

నేను తిట్టలేదు, ఏడవలేదు. మగ్గం మీద మా ముందు ఎలా ఉంటుందో అలాగే, కోసిన కొస అతనికి అవతలి వైపు ఉండేలా గుడ్డను బల్ల మీద పరిచాను. నిండని చీరను చూసి ఉలిక్కిపడతాడనుకున్నాను. పడలేదు. పుట్టినప్పటి నుంచీ నేత చూసిన మనిషి కదా, చెయ్యి దానంతటదే గుడ్డ మీదికి వచ్చింది. పట్టీలోంచి బయటికున్న వేలిని ఎడమ అంచు వెంట నడిపాడు, బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత కుడి అంచు మీదికొచ్చాడు. ఒక సందు దగ్గర వేలు ఆగింది. మరో సందు దగ్గర ఆగింది. ముఖం ఎర్రబడింది.

"థూ, గీ అంచు ఎవడు నేసిండే? కండ్లున్నయా వానికి? గిట్లాంటోన్ని మగ్గం మీద ఎట్ల కూసోవెట్టిన్రు?"

బయట మైకులో అతని పేరు పిలుస్తున్నారు, జనం అరుస్తున్నారు.

"కుడి అంచు, బావా" అన్నాను.

అతను గుడ్డను చూశాడు. పట్టీ చుట్టిన తన కుడిచేతిని చూసుకున్నాడు. మళ్లీ గుడ్డను చూశాడు. కోపం కాస్త కాస్తగా ముఖంలోంచి దిగిపోయింది. ఆ తర్వాత రెండు చేతులూ నా ముందుకు చాపాడు.

"విప్పు" అన్నాడు.

దారిపొడుగునా నా మాట వినడేమోనని భయపడ్డాను. విన్నాడు. ఇన్నేళ్లలో మా బావ నా మాట ఇంత తొందరగా ఎన్నడూ వినలేదు. అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. పట్టీ ముడి ఎక్కడుందో నాకు ఎంతకూ దొరకలేదు.